పదిహేను మాటలు

“మీవాని తలకాయకి అయస్కాంతం పెడతారంటనే?” అంది నాగులమ్మ, మల్లెమొగ్గలు కోస్తున్న చేతిని ఆపి.

“దిగులుకి మందులు మార్చి మార్చి సూసినారు, పూర్తిగా గుణం రాలేదు. ఇదొకటి ఉండాదంట” అన్నాను.

“కరెంటు పెట్టేదేనా?”

“అది కాదంట. మత్తుగిత్తు ఏమీ ఇయ్యరంట. కుర్చీలో కూర్చోబెట్టి తల మింద ఏందో ఆనిస్తారంట. ఆరు వారాలు, వారానికి అయిదు దినాలు.”

“వద్దని చెప్పు పంకజాక్షీ. మా కోడలు బ్యాంకు కార్డుని అయస్కాంతం ఉండే సంచిలో పెడితే, కార్డులో ఉండేదంతా సెరిగిపోయిందంట. కార్డుకే అట్లయితే తలకాయ గతేంది?”

నాగులమ్మ నోటికి హద్దు లేదు, నా గుండెకు ధైర్యం లేదు. ఇద్దరం ఒకే సాలులో మొగ్గలు కోస్తున్నాం. ఆమె అన్న మాట నా ఒడిలో పడింది, ఇంటిదాకా మోసుకొచ్చాను.

కార్డు సంగతి నాకు తెలియదు. క్యాసెట్టు సంగతి తెలుసు. మా మునిప్రసాద్ ఏడేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు, పాడైపోయిన స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని వాళ్ళ తాత భజన చేసిన క్యాసెట్టు మీద రుద్దాడు. ఆ సాయంత్రం మా ఆయన పెట్టి చూస్తే సర్రుమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చనిపోయిన మా మామ గొంతు మళ్ళీ మేమెవరమూ వినలేదు. ఇప్పుడు ఆ పిల్లవాడి తల మీదే అయస్కాంతం పెడతామంటే నేను ఏమనుకోవాలి?

మాది పుత్తూరు పక్కన నారాయణవనం. చేయి విరిగినా కాలు విరిగినా మా వైపు వాళ్ళు భయపడరు, పుత్తూరు కట్టు ఉంది. మునిప్రసాద్‌కు విరిగింది ఏమిటో కట్టు కట్టేవాళ్ళకు కూడా కనబడేది కాదు. ఆరేళ్ళపాటు తిరుపతి నుంచి కొండకు యాత్రికుల వ్యాను తోలాడు. పోయిన కార్తీకంలో ఒకనాడు కొండ దిగుతూ మలుపులో బండి ఆపేసి, ఇంకెట్ల పోవాలో తెలియడం లేదన్నాడట. వెనక పద్నాలుగు మంది. వ్యాను యజమాని గిరిప్రసాద్ ఇంకో డ్రైవరును పంపి బండి దించి, వీణ్ణి తానే ఇంటికి తెచ్చి దిగబెట్టాడు. అప్పటినుంచి వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడానికి కాసేపు పట్టేది. అన్నం ముందు పెడితే, ఏం చేయాలో ఎవరైనా చెప్తారేమోనన్నట్టు చూసేవాడు.

గిరిప్రసాద్ చెడ్డవాడు కాదు. ఉగాది ముందు వచ్చి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, నాతో నేరుగానే అన్నాడు.

“అక్కా, వాడు నాకు తమ్ముడి లెక్క. అయితే బండిలో ఉండేది నా తమ్ముళ్ళు కాదు, ఊరోళ్ళ బిడ్డలు. వీడి తల, ధ్యాస సరిగ్గా ఉండాయని డాక్టరు కాగితం రాసిచ్చినాడంటే ఆ పొద్దే తాళం చేతికిస్తా. అంతవరకు ఇయ్యలేను. తప్పు పట్టుకోవద్దు.”

తప్పు ఎలా పడతాను? ఆ ఆరేళ్ళూ ఆ పని మానేయమని వాడి వెంట పడింది నేనే. వానొస్తే కొండ జారుతుందని, మంచు పడితే దోవ కనబడదని, వాడు ఇంటికి ఫోను చేసేదాకా నా నోట్లోకి అన్నం దిగేది కాదు. ఇప్పుడు ఇంట్లో, నా కళ్ళ ముందే, ఏ ప్రమాదమూ లేకుండా పడుకుని ఉన్నాడు. వాడు కొండమీద ఉంటే పడే ఆ భయం మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. 

తిరుపతిలో ఆస్పత్రివాళ్ళు సంతకానికి ఒక కాగితం ఇచ్చారు. నేను ఆరో తరగతి చదివాను. కూడబలుక్కుని అంతా చదివి మా ఆయన చేతికిచ్చాను.

“దీంట్లో ఫిట్సు వస్తాయని రాసినారు” అన్నాను.

“వెయ్యి మందిలో ఒకరికి కూడా రావడం అరుదని రాసినారు” అన్నాడు దేవరాజులు. “ఇంత కాగితంలో నీకు ఆ ఒక్క లైనే కనబడిందా?”

“మిగతాదంతా బాగానే ఉండాది గదా. బాగుండేదాన్ని సదివి నేనేం సేసుకునేది?”

క్యాసెట్టు సంగతి చెప్తే డాక్టరు జయచంద్ర నవ్వలేదు. అందుకే ఆయన మీద నాకు కొంచెం గురి కుదిరింది. “అమ్మా, ఇది మరుపు తెచ్చే వైద్యం కాదు. అయినా మీ అనుమానం మీది. మొదలుపెట్టేముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి వాడి జ్ఞాపకం, ధ్యాస పరీక్ష చేస్తాం. తేడా ఉంటే కాగితం మీద తెలుస్తుంది. మీ వ్యాను యజమాని అడిగే ఉత్తరం కూడా ఆ రెండో పరీక్ష చూసే రాస్తాను.”

ఆయన నా భయం పోవాలని చెప్పాడు. నాకు ఒకటికి రెండు భయాలయ్యాయి. అయస్కాంతం ఒకటి, పరీక్ష ఒకటి.

మొదటి పరీక్షనాడు నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు సరిగ్గా పడలేదు. పరీక్ష పెట్టే అమ్మాయి పేరు రాజశ్రీ. చక్కటి గొంతు, బడిలో ఎక్కాలు చెప్పించినట్టు ఒక్కొక్క మాటే చదివింది.

“చెంబు. వెన్నెల. కోడి. పలక. నది. తాళం. మిరప. కుర్చీ. పిల్లి. సైకిలు. అద్దం. తేనె. గొడుగు. రైలు. గంప. ఇప్పుడు గుర్తున్నవి చెప్పండి మునిప్రసాద్ గారూ.”

చాలాసేపు ఏమీ వినబడలేదు.

“చెంబు” అన్నాడు. తర్వాత “గంప... రైలు.” ఇంకా ఆగి, “తాళం.”

నాలుగు. మళ్ళీ మళ్ళీ అవే చదివింది, మళ్ళీ మళ్ళీ అడిగింది. అంకెలు వెనకనుంచి చెప్పమంది. కాగితం మీద అంకెనూ అక్షరాన్నీ మార్చి మార్చి గీతతో కలపమంది, ఒకటి, అ, రెండు, ఆ అని. అరగంటయ్యాక ఇందాకటి మాటల్లో ఏమైనా గుర్తున్నాయా అని అడిగింది.

“ఏ మాటలు?” అన్నాడు నా కొడుకు.

ఒకప్పుడు కొండ మలుపులన్నీ కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఏ మలుపులో కోతులుంటాయో, ఏ మలుపులో బస్సు ఎదురైతే ఎంత పక్కకు తీయాలో సంగటి ముద్దలు పేర్చి మరీ నాకు చూపించేవాడు. బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తూనే ఆ పదిహేను మాటలు లోపల వల్లించుకున్నాను. వెళ్ళేటప్పుడు లెక్క చూసుకుంటే ఒక్కటీ పోలేదు. గుర్తుండాలని మనసులోనే చెంబు మా గడప దగ్గర పెట్టాను, కోడిని పెరట్లో వదిలాను, గొడుగు చూరుకు తగిలించాను. ఇంటికి రాగానే క్యాలెండరు చీటీ వెనక రాసుకున్నాను. రెండో పరీక్షలో వాడు తప్పకూడదు. వాడు తప్పితే కాగితం రాదు, కాగితం రాకపోతే వాడు మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. అంతవరకే ఆలోచించాను. ఇది మోసమన్న ఆలోచన నాకు రాలేదు. బడిలో పిల్లలకు పాఠం వల్లె వేయించమా, అలాగే అనుకున్నాను.

మర్నాటి నుంచి వైద్యం. కుర్చీలో వెనక్కి వాల్చి, చెవుల్లో దూది లాంటిది పెట్టి, రెండు గారెలు పక్కపక్కన అతికించినట్టున్న నల్లటి వస్తువును తలకు ఎడమవైపు ఆనించారు. మొదటిరోజు ఎంత బలం పెట్టాలో చూసుకున్నారు. టక్కుమంది. వాడు కదిలించకుండానే వాడి కుడిచేతి బొటనవేలు ఎగిరింది.

“అయ్యో, వాడి వేలు!” అని లేచాను.

“అదే కావాలమ్మా మాకు” అన్నాడు డాక్టరు. “కూర్చోండి.”

టకటకమని నలభై దెబ్బలు, ఆగడం, మళ్ళీ నలభై. ప్రతి దెబ్బకూ వాడి ఎడమ కనుబొమ అదిరేది. లెక్కపెట్టకుండా ఉండలేకపోయేదాన్ని. బయటికి రాగానే మొదటి మాట అదే అడిగేదాన్ని.

“నొప్పిగా ఉండాదా?”

“ఎవరో వేలితో పొడస్తా ఉన్నట్టు ఉండాది.”

“మీ పెద్దత్త ఊరేది?”

“కార్వేటినగరం.”

“నువ్వు నాలుగో తరగతిలో పడి పన్ను ఇరగ్గొట్టుకున్నావే, యాడ?”

“మా, నా పేరు మునిప్రసాద్. నీ పేరు పంకజాక్షి. ఇది తిరుపతి. సాలునా?”

“సాలు” అనేదాన్ని. పుత్తూరు బస్సు ఎక్కి కూర్చున్నాక మొదలుపెట్టేదాన్ని. “చెప్పు. చెంబు...”

మొదటి వారం ఏం చెప్పమంటే అది చెప్పాడు, అడ్డం చెప్పే ఓపిక కూడా లేక. “చెంబు, వెన్నెల, కోడి...” అని పలకదాకా వచ్చి, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేవాడు. రెండో వారంలో తొమ్మిది వచ్చాయి. ఒకనాడు ముందు సీటులో ముసలాయన వెనక్కి తిరిగి, “ఏమ్మా, బిడ్డకి ఈ వయసులో ఏం పాఠం నేర్పిస్తా ఉండావు?” అన్నాడు. “పరీక్ష ఉండాదప్పా” అన్నాను. “డిగ్రీనా?” అన్నాడాయన. మునిప్రసాద్ పెదవి కొసన ఏదో కదిలింది. నవ్వేనో కాదో, ఆ సాయంత్రమంతా దాన్ని తలుచుకుంటూనే వంట చేశాను.

మూడో వారమంతా ఏ మార్పూ లేదు. తల నొప్పి అన్నాడు. పడుకోవడం, లేవడం, బస్సు. దేవరాజులు నాతో మాట్లాడటం తగ్గించాడు. మాట్లాడితే నేను ఏడుస్తానని. అమావాస్యనాడు నాగులమ్మ దిష్టి తీయడానికి వచ్చి, వాడి ముఖం చూసి గమ్మున వెళ్ళిపోయింది. ఆమె గమ్మున ఉండటం నేను ఎరిగినంతలో అదే మొదటిసారి.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, రేణిగుంట దాటాక, మా బస్సు డ్రైవరు ఎదుట వస్తున్న లారీని చూసి గట్టిగా బ్రేకు తొక్కాడు. అందరం ముందుకు పడ్డాం.

“సూసినావా మా” అన్నాడు మునిప్రసాద్. “లారీ వాడు అంత దూరాన్నే లైటు కొట్టినాడు. ఈయప్ప సెల్లు సూస్తా ఉండినాడు. ఆడ్నే గేరు దించుండల్ల.”

నేను లారీనీ చూడలేదు, లైటునూ చూడలేదు. వాడు చూశాడు. అయిదు నెలలుగా కంచంలో ఏముందో చూడనివాడు అంత దూరంలో లైటు చూశాడు. ఏదో ఒకటి అడిగితే అది ఎగిరిపోతుందేమోనని నోరు మూసుకుని, మిగతా దోవంతా వాడి పక్కన కదలకుండా కూర్చున్నాను.

తర్వాతర్వాత ఊరిబిండి పచ్చడిలో ఉప్పు లేదన్నాడు. తెల్లవారుజామున నాయన వెంట మల్లెతోటకు పోయి రెండు సాళ్ళు కోశాడు. రెండు రోజులు మళ్ళీ మౌనంగా పడుకున్నాడు, నాకు చచ్చినంత పనయింది. మళ్ళీ లేచాడు. పదిహేను మాటలూ ఇప్పుడు గడగడా చెప్పేవాడు. వెనకనుంచి కూడా చెప్పి, “ఇంకేమన్నా కావల్నా టీచరమ్మా?” అనేవాడు.

ఆఖరి పరీక్షనాడు తలుపు గట్టిగా వేశారు. పైగా కూలరు మోత. ఒక్క ముక్క వినబడలేదు. గంట తర్వాత డాక్టరు మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచాడు.

“పోయినసారి మొదట నాలుగు, అరగంటయ్యాక ఒక్కటీ లేదు. ఈసారి పదకొండు. అరగంటయ్యాక తొమ్మిది” అన్నాడు. “అంకెలు, అక్షరాలు కలిపేది మాత్రం ఇంకా కొంచెం నిదానమే. ఉత్తరం రాస్తాను, అయితే ఒక నెల...”

ఆయన కలం తీశాడు. ఎదురుచూసిన నిమిషం అదే. ఆ కలం చూడగానే నాకు కాగితం కనబడలేదు. వ్యాను కనబడింది. పుట్టువెంట్రుకలు తీయించడానికి ఒళ్ళో బిడ్డను పెట్టుకుని కూర్చున్న తల్లి కనబడింది. ఆమెకు నా కొడుకు ఎవరో తెలియదు. నేను వాడికి నేర్పింది పదిహేను మాటలేనని ఆమెకు తెలియదు. డాక్టరు రాశాడు గదా అని నమ్మి ఎక్కి కూర్చుంటుంది.

“సార్, రాయొద్దండి” అన్నాను.

కలం ఆగింది. మునిప్రసాద్ నావైపు చూడలేదు.

“ఆ మాటలు నేను తలుపు కాడ్నించి విన్నాను. ఆరు వారాలు బస్సులో వానిచేత వల్లె ఏపించినా. వాడు చెప్పింది వాని తలలోది కాదు సార్. నేను పెట్టింది. తప్పు నాది, వాణ్ణి ఏమీ అనొద్దు.”

డాక్టరు రాజశ్రీని పిలిచాడు. ఆమె విని, ఫైలులోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టింది.

“ఏవేవి నేర్పించారమ్మా?”

“చెంబు, వెన్నెల, కోడి...” పదిహేనూ చెప్పాను. ఒక్క మాటా తప్పలేదు.

“పదిహేనుకు పదిహేను!” అంది రాజశ్రీ. “ఇవి మొదటి కాగితంలోవి. ఈరోజు అడిగింది ఈ రెండో కాగితం. చదవండి.”

కూడబలుక్కుని చదివాను. దీపం. బాతు. చీపురు. కొండ. పడవ. చివరిదాకా చదివాను. నేను నేర్పింది ఒక్కటి కూడా లేదు.

“ఒకే మాటలు రెండుసార్లు అడిగితే ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు గదా. అందుకే ప్రతిసారీ మారుస్తాం” అంది. “మూడో కాగితం కూడా ఉంది. అది మాత్రం మీకు చూపించను.”

డాక్టరు అప్పుడు నవ్వాడు. “అమ్మా, ఈ వైద్యం తెలివిని పెంచుతుందని నేను చెప్పను. కొందరిలో ధ్యాస, జ్ఞాపకం కాస్త మెరుగవుతాయి, కొందరిలో ఏ మార్పూ ఉండదు. దిగులు తగ్గితే, దాని కింద నలిగిన ధ్యాస కూడా లేస్తుంది. మీవాడిలో ఎంత దేనివల్లనో నేను విడదీసి చెప్పలేను. చెరిగిపోలేదని మాత్రం ఈ కాగితాలు చెప్తున్నాయి. నెల రోజులు చదును దోవల్లో తోలమనండి. తర్వాత ఇంకొకసారి చూసి కొండకు ఉత్తరం రాస్తాను.”

బస్టాండు దగ్గర ఇద్దరం నన్నారి షర్బత్ తాగాం. అడగకుండా ఉండలేకపోయాను.

“మాటలు వేరే ఉంటాయని నీకు ముందే తెలుసునా?”

“మొదటి వారంలోనే ఆ మేడమ్మ చెప్పింది.”

“మరి నాకెందుకు చెప్పలా? ఆరు వారాలు నా మాటలెందుకు వల్లించినావు?”

గ్లాసును బల్ల మీద రెండు చుట్లు తిప్పాడు.

“చెప్పుంటే నువ్వు ఊరికే కూర్చుంటావు. ఊరికే కూర్చుంటే నా మొగమే సూస్తావు. నువ్వు సూసే సూపు నాకు శానా కష్టంగా ఉండె మా. చచ్చినోణ్ణి సూసినట్టు సూస్తావు. మాటలడిగేటప్పుడు మాత్రం టీచరమ్మ మాదిరి సూస్తావు. అదే నయమనిపించింది.” మిగిలిన షర్బత్ తాగేసి, “పొద్దన్నే లేసేదానికి కూడా ఏందో ఒక పని. నువ్వు అడగతావు గదా అని” అన్నాడు.

ఇంకో గ్లాసు తెప్పించాడు నాకు.

నెల రోజులు గిరిప్రసాద్ వాడిని కాణిపాకానికి, కాళహస్తికి పంపాడు, పక్కన ఇంకో డ్రైవరును కూర్చోబెట్టి. ఆ నెల తిరిగాక డాక్టరు మూడో కాగితంతో పరీక్షించి ఉత్తరం రాశాడు. కొండకు మొదటి ట్రిప్పు ఆషాఢంలో ఒక సోమవారం. నేనూ వస్తానని పట్టుబట్టాను. తిరుపతిలో వాడి వెనక సీటులో ఎక్కి కూర్చున్నాను. నా పక్కన గూడూరు నుంచి వచ్చిన కుటుంబం, గుండు కొట్టించాల్సిన ఇద్దరు పిల్లకాయలు, ఒకటే అల్లరి.

కొండ కింద అలిపిరి గేటు దగ్గర బండ్లు వరసలో నిలిచాయి. కొండ పైకి చూశాను. చూసి, రెండు చేతులతో వాడి సీటు పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టానని నాకే తెలియలేదు.

“మా” అన్నాడు మునిప్రసాద్, వెనక్కి తిరగకుండానే. “దిగు.”

“ఏం రా?”

“నువ్వు నా ఎనక అట్ల ఊపిరి బిగబడితే నా ధ్యాసంతా నీ మిందనే ఉంటాది. నా ధ్యాస దోవ మింద ఉండల్ల. దిగు మా, దండం పెడతా.”

గూడూరు ఆవిడ నవ్వింది. “దిగండమ్మా, మీ కొడుకు మమ్మల్ని భద్రంగా తీసుకుపోతాడులే” అంది, నన్ను నమ్మించాల్సింది తానే అన్నట్టు.

దిగాను. నాలుగు ముక్కలు చెప్పాలనుకున్నాను, మలుపులు జాగర్త అని, నెమ్మదిగా పొమ్మని. అంతలో ముందు బండి కదిలింది. వాడు అద్దంలోకి చూశాడు, నన్ను కాదు, వెనక వచ్చే బస్సును. చూడాల్సింది దాన్నే. వ్యాను గేటు దాటి, మొదటి వంపు తిరిగి, చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. నేను కోరుకున్నది అదే. ఆ ఎండలో నిలబడి, అది కోరుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆరు వారాలు వాడు నా పక్కన ఉన్నాడు. పెద్దవాడయ్యాక అంతసేపు నా భుజానికి భుజం ఆనించి కూర్చోలేదు, ఇక కూర్చోడు కూడా. అటువంటి రోజులు మళ్ళీ రాకూడదని దేవుడికి మొక్కుతాను. మొక్కుతూనే ఆ రోజుల కోసం నా ప్రాణం లాగుతుంది. ఇది ఎవరితో చెప్పుకునే మాట? నాగులమ్మతో చెప్పలేను, దేవరాజులుతో అసలే చెప్పలేను.

బస్టాండుకు వచ్చి పుత్తూరు బస్సు ఎక్కాను. ఎండాకాలమంతా అలవాటైన చోటే కూర్చున్నాను. బస్సు నిండుతోంది. చంకలో గంపతో ఒకామె వచ్చి, నా పక్కన కిటికీ దగ్గర ఖాళీని చూసి ఆగింది.

“ఆడ ఎవరన్నా వస్తారామ్మా?”

ఎవరికో చోటు పట్టినట్టు ఇవతలే కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

“ఎవరూ లేరు” అని, కిటికీ వైపు జరిగాను.